పక్కకి తిరిగి పడుకుంటే తల తిరుగుతోందా? ముందు ఆ ఒక్క పరీక్ష చేయించండి

మీరు అడిగింది: “పడుకుని పక్కకి తిరిగితే గదంతా గిర్రున తిరుగుతోంది. మెడ పూసలు అరిగాయని నాలుగు నెలలుగా మందులు వాడుతున్నా తగ్గట్లేదు. ఈఎన్‌టీకి చూపించాలా, న్యూరాలజిస్ట్‌కా?”

ఎవరికైనా చూపించండి. కానీ గదిలోకి వెళ్లగానే “డిక్స్-హాల్‌పైక్ పరీక్ష చేస్తారా?” అని అడగండి. తల పక్కకి తిప్పి, వెనక్కి పడుకోబెట్టి కళ్లు ఎలా కదులుతున్నాయో చూసే పరీక్ష ఇది. లోపలి చెవి వల్ల వచ్చే ఇలాంటి తిరుగుడుని, అంటే బీపీపీవీ అనే జబ్బుని, పట్టిస్తుంది. చేస్తామంటేనే కూర్చోండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ పరీక్ష ఎవరూ చేయక మా అమ్మ మూడు నెలలు నరకం చూసింది.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. అమ్మకి అప్పుడు 61. ఒకరోజు పొద్దున అటక మీద జాడీ అందుకోడానికి తల పైకెత్తింది, అంతే, ఇల్లు తిరిగిపోయి గోడ పట్టుకుని కూలబడింది. పైత్యం చేసిందేమోనని రెండు రోజులు అల్లం రసం తాగింది. మూడో రోజు తెల్లవారుజామున మంచం మీద కుడి పక్కకి ఒత్తిగిలగానే మళ్లీ అదే. వాంతులు కూడా అయ్యాయి.

మొదటి డాక్టర్ బీపీ చూసి బానే ఉందన్నారు. రెండో ఆయన మెడ ఎక్స్‌రే తీయించి, పూసలు అరిగాయని కాలర్ పెట్టారు. అరవై దాటాక దాదాపు ఎవరి మెడకి ఎక్స్‌రే తీసినా అరుగుదల కనపడుతుంది, దానికీ తల తిరగడానికీ సంబంధం ఉందో లేదో తేల్చాలి కదా? మే నెల ఎండల్లో ఆ కాలర్ కింద మెడంతా చెమటకాయలు. మూడో చోట ఎమ్మారై తీశారు, నార్మల్. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి తల తిరుగుడు మాత్రలు రాశారు. వాటితో మగతగా ఉండేది తప్ప తిరగడం ఆగలేదు. పడుకోవాలంటే భయం పట్టుకుని, రెండు నెలలు పడక కుర్చీలో కూర్చునే నిద్రపోయింది. నేను హైదరాబాద్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా “బానే ఉన్నాలేరా” అనేది. ఆ సంగతి నాన్న చెప్తేగానీ తెలియలేదు.

చివరికి గుంటూరులో ఒక పెద్దవయసు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకి తీసుకెళ్లాను. ఫైలు పక్కన పెట్టి, “ఏ పక్కకి తిరిగితే వస్తుందమ్మా? ఎంతసేపుంటుంది?” అని అడిగారు. “కుడి పక్కకి బాబూ. నిమిషం కూడా ఉండదు, కానీ ప్రాణం పోతుంది” అంది అమ్మ. ఆవిడని బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడికి తిప్పి పట్టుకుని, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టారు. తల బల్ల అంచు దాటి కొంచెం కిందకి వేలాడింది. “కళ్లు మూయొద్దమ్మా” అన్నారు. మూడు నాలుగు సెకన్లు ఏమీ లేదు. తర్వాత నల్లగుడ్లు మెలి తిరుగుతూ టకటకా కొట్టుకోవడం మొదలైంది. “పట్టుకోరా, పడిపోతున్నా” అంటూ అమ్మ నా చొక్కా చేతి గుడ్డ గుప్పిట్లో బిగించింది. ఆ కళ్లు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. మూడు నెలల రిపోర్టుల్లో ఎక్కడా లేని జబ్బు ఆ కళ్లలో కనిపించింది.

కళ్లు ఆగాక తల నెమ్మదిగా ఎడమకి తిప్పి కాసేపు ఉంచారు. తర్వాత మనిషినే ఎడమ పక్కకి ఒత్తిగిలించి, ముఖం నేలవైపు పెట్టించి, కాసేపాగి లేపి కూర్చోబెట్టారు. మొత్తం ఐదు నిమిషాలు. మళ్లీ పడుకోబెట్టి చూస్తే కళ్లు కదల్లేదు.

లోపల జరిగేది కూడా అంత సాదా విషయమే. చెవిలో ఒక అరలో అతుక్కుని ఉండాల్సిన కాల్షియం కార్బొనేట్ రేణువులు ఊడి, పక్కనున్న అర్ధచంద్రాకారపు నాళంలోకి జారతాయి. తల కదిపినప్పుడల్లా అక్కడి ద్రవాన్ని కదిలించి, మనిషి తిరుగుతున్నట్టు మెదడుకి తప్పుడు కబురు పంపిస్తాయి. తలని వరసగా తిప్పి ఆ రేణువుల్ని వెనక్కి జార్చేస్తే సరి. మాత్రకి అవి కదలవు.

నాకు కోపం ఎక్కడంటే, ఇదేం నిన్న మొన్న కనిపెట్టింది కాదు. తల పెట్టే తీరుని బట్టి వచ్చే ఈ తిరుగుడుని రాబర్ట్ బారనీ 1921లోనే వర్ణించాడు. ఆయన లోపలి చెవి మీద చేసిన పనికి 1914 నోబెల్ వచ్చింది, ఆ కబురు అందేసరికి రష్యాలో యుద్ధఖైదీగా ఉన్నాడు. మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ లండన్‌లో ఈ పరీక్షని వివరించింది 1952లో. తల తిప్పే వైద్యం జాన్ ఎప్లీది. అమెరికాలో పోర్ట్‌లాండ్ డాక్టర్. 1980లో చేసి చూపిస్తే సాటి డాక్టర్లు నమ్మలేదు, కొందరు లేచి వెళ్లిపోయారు. ఆయన పరిశోధన పత్రం అచ్చయ్యేసరికి 1992 వచ్చింది. తర్వాత ఎన్నో పరిశోధనల్లో అది పనిచేస్తుందని తేలింది. ఈ జబ్బుకి తల తిరుగుడు అణిచే మందులు మామూలుగా వాడొద్దని, లక్షణాలు స్పష్టంగా ఉంటే స్కాన్లు అక్కర్లేదని అమెరికా ఈఎన్‌టీ సంఘం 2017 మార్గదర్శకాల్లో ఉంది. అయినా మన దగ్గర ముందు ఎమ్మారై, తర్వాత మాత్రలు. బల్ల ఉంటే చాలు, మిషన్ అక్కర్లేని పరీక్షకి ఐదు నిమిషాలు దొరకవా?

ఒక్క జాగ్రత్త. తల తిరుగుడుతో పాటు మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనపడినా ఈ పరీక్ష కోసం ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రికి పరిగెత్తండి, అది పక్షవాతం కావచ్చు. వీడియో చూసి ఇంట్లో మొదటిసారి మీరే తల తిప్పేసుకోవద్దు. ఏ చెవో, ఏ నాళమో ముందు తేలాలి.

ఆ రాత్రి అమ్మ రెండు నెలల తర్వాత మంచం మీద వెల్లకిలా పడుకుంది. నేను లైటు తీయబోతే, “ఉండరా, కుడి పక్కకి తిరిగి చూస్తా” అని తిరిగింది. కాసేపు కళ్లు తెరుచుకునే ఉంది, తర్వాత నిద్రపోయింది. ఏడాది దాటాక ఇంకోసారి వచ్చింది, ఇది తిరగబెట్టే జబ్బే. ఈసారి ఎవరినీ అడగలేదు. నాన్నని వెంటబెట్టుకుని గుంటూరు బస్సెక్కి, అదే డాక్టర్‌తో తల తిప్పించుకుని, సాయంత్రానికి ఇంటికొచ్చాక నాకు ఫోన్ చేసింది.