మారుతి 800 ముందు సస్పెన్షన్‌ను సొంతంగా కట్టే బగ్గీకి వాడొచ్చా?

వెనక బైక్ ఇంజిన్ పెట్టి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా బగ్గీ కడుతున్నాం, ఆటోనగర్‌లో 800 నకుల్స్ (చక్రం హబ్‌ను మోసే ముక్కలు), స్ట్రట్‌లు (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసి ఉన్నవి), లోయర్ ఆర్మ్‌లు (చక్రం కింది భాగాన్ని బండికి కలిపేవి) విడిగా ఇస్తామంటున్నారు, కొనొచ్చా అని అడిగారు. వాడొచ్చు, నేనూ ఇవే పెట్టి కట్టాను, ఆ బండి ఇప్పటికీ మా మామయ్య వాళ్ల తోటలో తిరుగుతోంది. కానీ దయచేసి విడిగా కొనకండి. ఒకే బండి ముందు భాగం మొత్తం, స్టీరింగ్ రాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను పక్కకు తిప్పేది), స్టెబిలైజర్ బార్ (రెండు వైపుల ఆర్మ్‌లనూ కలిపే వంకర కడ్డీ)తో సహా తీసుకోండి, వీలైతే విప్పకముందే అక్కడికి వెళ్లండి.

800లో లోయర్ ఆర్మ్ ఒకే కడ్డీ, అది చక్రాన్ని లోపలికీ బయటికీ జరగకుండా మాత్రమే పట్టుకుంటుంది. ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపేది స్టెబిలైజర్ బారే. బరువు తగ్గుతుందని దాన్ని తీసేస్తే బ్రేక్ కొట్టగానే చక్రం వెనక్కి వెళ్లిపోతుంది, కాబట్టి తీయాల్సి వస్తే ఆర్మ్ నుంచి ఛాసిస్‌కి గట్టి రాడ్ ఒకటి కట్టి తీరాలి.

విప్పబోయే ఆ 800 చక్రాల మీద నిలబడి ఉండగానే ఆర్మ్ లోపలి బోల్టు, రాక్ చివరి బాల్, స్ట్రట్ పై మౌంట్ నేల నుంచి ఎంత ఎత్తులో, బండి మధ్య గీత నుంచి ఎంత దూరంలో ఉన్నాయో గుండు దారం వేలాడదీసి కొలిచి రాసుకోండి. మీ ఫ్రేమ్‌లో అవే కొలతలు రావాలి. రాక్ ఒక్క సెంటీమీటరు పైకో కిందికో పోయినా గుంతలో పడ్డప్పుడల్లా చక్రం దానంతటదే తిరుగుతుంది, అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా అది పోదు.

ఇంజిన్ వెనకుంది కదా అని ముందు డ్రైవ్ షాఫ్ట్‌లు (800లో ఇంజిన్ శక్తిని ముందు చక్రాలకు అందించే కడ్డీలు) పూర్తిగా పారేయొద్దు! హబ్‌నీ బేరింగ్‌నీ కలిపి బిగించి ఉంచేది షాఫ్ట్ చివరి నట్టే, అందుకని షాఫ్ట్ తీసేసినా బయటి జాయింట్ కప్పును అలాగే ఉంచి నట్టు బిగించండి.

స్ప్రింగ్ సంగతి. 800 బరువు దాదాపు 650 కిలోలు, ఇంజిన్ కూడా ముందే. మీ బగ్గీ అందులో సగమే ఉంటే ఆ స్ప్రింగ్ సరిగా నొక్కుకోదు. చుట్టు కోయిస్తే ఎత్తు తగ్గుతుంది గానీ స్ప్రింగ్ ఇంకా గట్టిపడుతుంది, గ్యాస్‌తో కోస్తే ఆ వేడికి టెంపర్ (స్టీలుకు పట్టించిన గట్టిదనం) కూడా పోతుంది. తేలిక స్ప్రింగ్‌లు చుట్టించుకోవడమే నయం.

బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్‌లు (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కీళ్లు), బుష్‌లు, బేరింగ్‌లు, బ్రేక్ హోస్‌లు చూడ్డానికి ఎంత బాగున్నా కొత్తవే వేయండి, ఇక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు. నకుల్స్‌ను శుభ్రంగా కడిగి డై పెనిట్రెంట్ (పగుళ్లలోకి దిగి వాటిని బయటపెట్టే రంగు ద్రవం) కొట్టి చూడండి, సన్న పగులు కనిపించినా పక్కన పడేయండి, వెల్డింగ్ మాత్రం వద్దు.

ఇక రోడ్డు మీద నడుపుదామనుకుంటే, సొంతంగా కట్టిన బండికి రిజిస్ట్రేషన్ తెచ్చుకోవడం చాలా కష్టం. కాలేజీ గ్రౌండ్‌లోనో పోటీ ట్రాక్ మీదో నడపండి, నాలుగు చోట్ల బిగించే సీట్ బెల్ట్, హెల్మెట్ పెట్టుకునే.