తొలి డ్రాయింగ్‌లోనే తేలే ఖర్చు: సివిల్ విద్యార్థికి దారి ఉందా?

ప్రశ్న: మా అబ్బాయి వరంగల్‌లో బీటెక్ సివిల్ మూడో ఏడాది చదువుతున్నాడు. గ్రీన్ బిల్డింగ్ (కరెంటు, నీళ్లు తక్కువ వాడే భవనం) డిజైన్ వైపు వెళ్తానంటున్నాడు. సైట్ ఇంజినీర్‌గా చేరడమో, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవడమో మేలని మా ఆలోచన. ఏం చేయమంటారు? - ఒక తండ్రి

జవాబు: దయచేసి వద్దనకండి. అయితే గ్రీన్ బిల్డింగ్ అంటే పైన సోలార్ ప్యానెళ్లు బిగించడం అనుకుంటే మాత్రం బాబు దారి తప్పుతాడు. భవనం ఏ దిక్కుకు ఉండాలి, గోడల్లో అద్దాల వాటా ఎంత, పిల్లర్ల మధ్య దూరం ఎంత అన్నవి మొదటి డ్రాయింగ్‌లోనే తేలిపోతాయి. అప్పుడు మార్చడానికి పెద్దగా ఖర్చవదు. స్లాబ్ పడ్డాక మార్చలేం, కరెంటు బిల్లు మాత్రం భవనం ఉన్నంతకాలం కట్టాలి. హైదరాబాద్‌లో పడమటి ఎండ, సూర్యుడు కిందికి వాలాక, గోడకు ఎదురుగా కొడుతుంది. మామూలు సన్‌షేడ్ దాన్ని ఆపలేదు. దక్షిణపు కిటికీకైతే అదే సన్‌షేడ్ చక్కగా సరిపోతుంది. అందుకే పొడవైన గోడలు ఉత్తర, దక్షిణాలకు ఉంటే ఏసీ లోడ్ తగ్గుతుంది. ఇల్లు కట్టేముందు దిక్కులు చూడటం మనవాళ్లకు ఎలాగూ అలవాటే, ఎండ లెక్క కూడా అప్పుడే చూడమని చెప్పేవాళ్లు కావాలి.

సివిల్ చదివినవాళ్ల బలం ఎస్టిమేషన్, అంటే సామాను, ఖర్చు ముందే లెక్కకట్టడం. బాబును ఈ సెలవుల్లో ఒక చిన్న ప్రాజెక్టు చేయమనండి. భవనం కరెంటు వాడకాన్ని లెక్కవేసే, ఉచితంగా దొరికే ఎనర్జీప్లస్ సాఫ్ట్‌వేర్‌లో రెండంతస్తుల ఇంటిని హైదరాబాద్ వాతావరణ డేటాతో మోడల్ చేసి, 90 డిగ్రీలు తిప్పి చూడాలి. కరెంటు ఎంత తేడా వచ్చిందో, సిమెంటు, స్టీలు ఎంత పట్టిందో లెక్కవేసి, ఎస్ఎస్ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక ధరల పట్టిక) రేట్లతో 30 ఏళ్ల మొత్తం ఖర్చు కట్టాలి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కన్నా ఈ రిపోర్టే ఎక్కువ మాట్లాడుతుంది. కరెంటు ఆదాకు వాణిజ్య భవనాలకు 2007లో వచ్చిన ఈసీబీసీ నియమావళి, ఇళ్లకు 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత కూడా చదవాలి.

ఉద్యోగాలు ఆర్కిటెక్చర్ సంస్థల్లో, ఎంఈపీ (ఏసీ, కరెంటు, ప్లంబింగ్ పనుల) కన్సల్టెన్సీల్లో, గ్రీన్ రేటింగ్ సలహా సంస్థల్లో ఉంటాయి. భవనాలకు గ్రీన్ రేటింగ్ ఇచ్చే ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) ప్రధాన కేంద్రం హైదరాబాద్‌లోనే ఉండటం మనకు కలిసొచ్చే విషయం. పీజీకి అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీ, విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) చూడండి. కొన్ని కోర్సులు బీఆర్క్ వాళ్లకే పరిమితం కాబట్టి, గేట్‌కు దరఖాస్తు చేసేముందే సివిల్ వాళ్లకు అర్హత ఉందో లేదో ప్రాస్పెక్టస్‌లో సరిచూసుకోండి.