జనబలమా, ధనబలమా?

ప్రశ్న: 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 140 కోట్ల జనాభా గల మన దేశానికి ఆరు పతకాలే వచ్చాయి, అందులో స్వర్ణం ఒక్కటీ లేదు. 50 లక్షల పైచిలుకు జనాభా ఉన్న న్యూజిలాండ్ మాత్రం 10 స్వర్ణాలతో 20 పతకాలు గెలుచుకుంది. ఆటల్లో గెలవడానికి జనం కావాలా, డబ్బు కావాలా?
— ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: రెండూ కావాలి. పతకాల అంచనాకు అన్నిటికన్నా మెరుగైన కొలమానం దేశపు మొత్తం జాతీయోత్పత్తేనని, అంటే జనాభాను తలసరి ఆదాయంతో హెచ్చవేస్తే వచ్చే మొత్తమేనని, ఆండ్రూ బెర్నార్డ్, మేఘన్ బూసే అనే ఆర్థికవేత్తలు 2004లో ప్రచురించిన పరిశోధనలో తేల్చారు. కానీ ఆ లెక్కన మనకు ఇంకా చాలా పతకాలు రావాలి కనుక, మీ సందేహం దానితో తీరదు.

ముందు జనాభా సంగతి చూద్దాం. ఒలింపిక్ అథ్లెటిక్స్‌లో ఒక్కో వ్యక్తిగత పోటీకి ఏ దేశమైనా ముగ్గురిని మించి పంపే వీలు లేదు. జనం ఎక్కువ ఉండడం వల్ల కలిగే లాభమల్లా ఆ ముగ్గురిని ఎక్కువమందిలోంచి ఎంచుకోగలగడమే. మైదానం ముఖమే చూడని పిల్లలు ఆ ఎంపిక లెక్కలోకి రానే రారు.

ఇక డబ్బు సంగతి. మన నగరంలోని ఒక మట్టి మైదానంలో తెల్లవారకముందే హర్డిల్స్ సాధన చేసే ఒక అమ్మాయిని కొంతకాలంగా చూస్తున్నాను. అడుగు ఊడిన బూటును జిగురుతో అతికించుకుని పరుగెత్తుతుంది. ఆరున్నర కాగానే తల్లి నడిపే టిఫిన్ బండి దగ్గర ప్లేట్లు కడగడానికి వెళ్లిపోతుంది. సాధన ఎంత అవసరమో, ఆ తరువాత విశ్రాంతి, గుడ్లు, పాలు, గాయమైతే ఫిజియోథెరపీ కూడా అంతే అవసరం. రూపాయి సంపాదన లేకుండా ఎనిమిది, పదేళ్లు ఒక పిల్లను అలా సాకగలగడమే, నా దృష్టిలో, తలసరి ఆదాయం అనే మాటకు అసలు అర్థం.

ఆటను బట్టి ఈ ఖర్చు మారుతుంది. పచ్చిక మీద ఆడిన రోజుల్లో, 1928 నుంచి 1972 దాకా, ఒలింపిక్ హాకీలో మనం ప్రతిసారీ పతకం గెలిచాం. 1976 మాంట్రియల్‌లో తొలిసారి కృత్రిమ మైదానం వచ్చేసరికి మన జట్టు ఏడో స్థానంలో నిలిచింది. అటువంటి మైదానాలు మన దగ్గర చాలినన్ని లేకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం.

రెండు లక్షల జనాభా కూడా లేని సెయింట్ లూసియాకు చెందిన జూలియన్ ఆల్ఫ్రెడ్ పారిస్‌లో మహిళల 100 మీటర్ల స్వర్ణం గెలిచినప్పుడు, దేశం చిన్నదైతేనేం అని చాలామంది సంబరపడ్డారు. నేనూ సంబరపడ్డాను. అయితే ఆమె 14 ఏళ్ల వయసులోనే జమైకాలోని బడికి, ఆ తరువాత అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి వెళ్లి పరుగు నేర్చుకుంది; స్వదేశంలో లేని వసతులు ఆమెకు ఆ రెండు చోట్లా దొరికాయి.

మన విశాఖ బిడ్డ జ్యోతి యర్రాజి కథ కూడా దీనికి దగ్గరిదే. సెక్యూరిటీ గార్డు కూతురైన ఆమె, ఒలింపిక్స్‌లో మహిళల 100 మీటర్ల హర్డిల్స్ పరుగెత్తిన తొలి భారతీయురాలు కావడానికి, భువనేశ్వర్‌లో ఉండి సాధన చేయవలసి వచ్చింది. ఆ మట్టి మైదానంలోని అమ్మాయికి సింథటిక్ ట్రాక్, మంచి కోచ్, పూట పూటా సరైన తిండి ఈ ఊళ్లోనే దొరకాలని నేను మనసారా కోరుకుంటున్నాను.