కొరియా వాళ్లకు అప్పు, అక్కడికెళ్లిన టీచరుకు పొదుపు... ఎలా?

ప్రశ్న: మాది హిందూపురం. ఎం.ఏ. ఇంగ్లిష్, బీఎడ్ చేశాను. పగలు ప్రైవేటు స్కూలు. సాయంత్రాలు, పెనుకొండ కార్ల ఫ్యాక్టరీ పని మీద వచ్చిన ఒక కొరియన్ కుటుంబంలో ఇద్దరు పిల్లలకు ఇంగ్లిష్ చెబుతున్నాను. వాళ్లాయనకు మంచి జీతమే అయినా తమకు పెద్ద అప్పుందని, నెలాఖరుకు ఏమీ మిగలదని ఆ తల్లి ఒకరోజు అంది. నాకు నమ్మకం కుదరలేదు. కొరియా వెళ్లి ఇంగ్లిష్ చెప్పే విదేశీయులు అంతకన్నా తక్కువ జీతంతోనే రెండేళ్లలో బోలెడు వెనకేసుకుంటారని విన్నాను. ఏది నిజం? నేను కూడా వెళ్లొచ్చా? ఇంకోటి, ఫీజు పెంచమని అడగాలని ఉంది. అప్పుల్లో ఉన్నావిడను అడగడానికి నోరు రావడం లేదు.
– పేరు వద్దన్న టీచరు

జవాబు: రెండూ నిజమేనమ్మా. మా ఆయన ఉద్యోగం పుణ్యాన కొరియాలోని సువాన్‌లో తొమ్మిదేళ్లు ఉన్నాను. మా ఎదురు ఫ్లాట్లో మీరు చెప్పిన తల్లిలాంటావిడే ఉండేది. వీధి చివర కిరాణా స్టోర్ పైన, ఒంటిగది వాటాలో కెనడా నుంచి వచ్చిన ఇంగ్లిష్ టీచరు ఉండేవాడు. ఇద్దరూ మా ఇంట్లో పులిహోర తిన్నవాళ్లే. ఇద్దరి లెక్కలూ నాకు తెలుసు.

ముందు అంకెల గోల. అక్కడి డబ్బు వోన్. 'మాన్' అంటే పదివేలు, 'ఒక్' అంటే పది కోట్లు. ఎదురింటావిడ 'మాకు రెండు ఒక్‌ల అప్పు' అంటే మొదట్లో నేను రెండు కోట్ల వోన్లనుకుని, ఓస్ అంతేనా అన్నాను. ఆవిడ మొహం అదోలా అయిపోయింది. అది ఇరవై కోట్ల వోన్లు! రూపాయికి సుమారు 16 వోన్లు వేసుకోండి, కోటీ పాతిక లక్షలు.

ఇక జీతాలు. ప్రభుత్వ లెక్క ప్రకారం 2023లో అక్కడ ఉద్యోగి సగటు ఆదాయం నెలకు 36 లక్షల 30 వేల వోన్లు. కానీ ఈ సగటును పెద్ద కంపెనీలు పైకి లాగుతాయి. వాటిలో సగటు 59 లక్షలు దాటితే, చిన్న కంపెనీల్లో 30 లక్షల లోపే. ఉద్యోగుల్లో సగం మందికి వచ్చేది 27 లక్షల 80 వేలకు మించదు. కొత్తగా చేరిన విదేశీ టీచరుకు 22 నుంచి 24 లక్షలు ఇస్తారు. 2025 కనీస వేతనం గంటకు 10,030 వోన్లు, అంటే నెలకు దాదాపు 21 లక్షలు. టీచరు జీతం దానికి కాస్త పైన, అంతే. 'విదేశీయులకు జీతాలు కుమ్మరిస్తారు' అనేది ఉత్త మాట.

తేడా వచ్చేది తల మీద కప్పు దగ్గర. టీచరుకు గది స్కూలే ఇస్తుంది. ప్రభుత్వ బడుల పథకంలో అయితే గది గానీ, బదులుగా నెలకు 4 లక్షల వోన్లు గానీ. మా కెనడా అబ్బాయికి 23 లక్షలు. కోతలు పోగా చేతికి 21. కరెంటు, గ్యాస్, ఫోను, తిండి, బస్సు అన్నీ కలిపి 9, 10. మిగిలింది 11. మన డబ్బుల్లో 70 వేలకు దగ్గర.

ఇప్పుడు ఎదురిల్లు. మీ హిందూపురం, బెంగళూరు వైపు ఇల్లు భోగ్యానికి తీసుకుంటారు కదా? పెద్ద మొత్తం ఒకేసారి ఓనరు చేతిలో పోస్తే నెలనెలా అద్దె ఉండదు, ఖాళీ చేసేటప్పుడు మొత్తం వెనక్కి. అచ్చం అదే పద్ధతిని కొరియాలో 'జొన్సే' అంటారు. రెండేళ్ల ఒప్పందం. ఎదురింటివాళ్లు 30 కోట్ల వోన్లు కట్టారు, అందులో 20 కోట్లు బ్యాంకువి. నాలుగు శాతం వడ్డీకే నెలకు 6 లక్షల 70 వేలు. గుర్తుంచుకోండి, అసలు అలాగే ఉంది. ఓనరు మంచివాడైతే సరే. 2023లో ఇంచియాన్‌లో డిపాజిట్లు మునిగిన అద్దెదార్లలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. సొంతిల్లు కొందామని చేసే అప్పుకైతే వాళ్ల కుర్రకారు పెట్టిన మాటే ఉంది, 'యంగ్‌క్కుల్' అని. ఉన్నదంతా చాలక ఆత్మను కూడా ఊడ్చి తేవడమట.

ఆ తర్వాత పిల్లలు. సాయంత్రం అయితే చాలు, మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పసుపు రంగు వ్యాన్లు బారులు తీరేవి. కోచింగ్ సెంటర్లవి, 'హాగ్వాన్' అంటారు. పిల్లలు రాత్రి పదింటికి తూగుతూ దిగేవాళ్లు. ట్యూషన్లకు వెళ్లే పిల్లల మీద 2024లో సగటు ఖర్చు తలకు నెలకు 5 లక్షల 92 వేల వోన్లు. ఎదురింట్లో ఇద్దరు. ఆయన జీతం 36 లక్షలు, కోతలు పోగా 32. వడ్డీ, ట్యూషన్లు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ తీసేస్తే మిగిలిన పది లక్షల్లో నలుగురి తిండి, బట్టలు, ఫోన్లు, అమ్మానాన్నలకు పండగ కానుకలు. ఆవిడ ఈ లెక్క నా డైనింగ్ టేబుల్ మీద, కరెంటు బిల్లు వెనకవైపు వేసింది. కింద గీత గీసి, మొత్తం రాయకుండానే పెన్ను పెట్టేసింది.

తమాషా ఏమిటంటే, వాళ్ల పెద్దమ్మాయి ఇంగ్లిష్ హాగ్వాన్‌లో పాఠం చెప్పేది మా కెనడా అబ్బాయే. ఆవిడ కట్టిన ఫీజే అతని పొదుపు.

అలాగని అతన్ని చూసి కుళ్లుకోనక్కర్లేదు. ఆ 11 లక్షల్లో సగం కెనడాలో చదువు అప్పుకే పంపేవాడు. అంతకుముందు పనిచేసిన చోట, ఏడాది నిండితే ఒక నెల జీతం అదనంగా ఇవ్వాలని పదకొండో నెలలో తీసేశారు. ఎదురింటివాళ్ల అప్పుకు వెనక ఆస్తి కూడా ఉంది మరి. 2024 సర్వేలో కొరియా కుటుంబానికి సగటు అప్పు 9 కోట్ల 13 లక్షల వోన్లయితే, సగటు ఆస్తి 54 కోట్లు. తిరిగి వెళ్లేనాటికి కెనడా అబ్బాయికి ఉన్నది ఒక సూట్‌కేసు, ఒక గిటారు, వాపసొచ్చిన పెన్షన్ డబ్బు.

మీ సంగతి. ఇంగ్లిష్ టీచరు వీసా మామూలుగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా వాళ్లకే. 2010లో అమల్లోకొచ్చిన భారత్-కొరియా వాణిజ్య ఒప్పందం వల్ల మనవాళ్లకూ ఒక తలుపు ఉంది. డిగ్రీ, టీచరు అర్హత ఉండాలి, అదీ స్కూళ్లలో సహాయక టీచరుగానే. హాగ్వాన్లకు వర్తించదు. మీకు బీఎడ్ ఉంది కాబట్టి కాగితం మీద అర్హులే. ఎవరైనా ఏజెంటు 'హాగ్వాన్‌లో పెట్టిస్తా, మూడు లక్షలివ్వు' అంటే మాత్రం గుమ్మంలోంచే పంపేయండి.

ఫీజు నిస్సంకోచంగా అడగండి. ఆవిడ దేశంలో ఇద్దరు పిల్లల ట్యూషన్లకు సగటున నెలకు ముప్పావు లక్ష రూపాయలవుతుంది, మీరడిగేది ఆవిడకు భారం కాదు. అక్కడ నెల మొదట్లోనే ఫీజు కట్టడం అలవాటు కాబట్టి ఒకటో తారీఖునే ఇమ్మనండి.