కాయిలోవర్లు వేశాక బండి ఎడమకు లాగుతోందా? ముందు టేపు తీయండి

మీరు అడిగింది ఇదీ: కర్నూలులో స్విఫ్ట్‌కి కాయిలోవర్లు (ఎత్తు మార్చుకునే స్ప్రింగు, షాకబ్జార్బర్ల సెట్టు) వేయించి 40 మి.మీ. దించారు. రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించినా బండి ఎడమకు లాగుతోంది, ముందు టైర్లు లోపలి అంచున అరుగుతున్నాయి. ఎత్తు మళ్లీ సరిచూడాలా, మూడోసారి అలైన్‌మెంట్‌కే పోవాలా?

ఎత్తే ముందు. ఎత్తు తేలకుండా ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా డబ్బులు దండగ. నేను రెండు టైర్లు తగలేసి మరీ తెలుసుకున్నాను ఈ సంగతి.

నాదీ 2018 మోడల్ స్విఫ్టే. ఉండేది అనంతపురంలో, నెలకు రెండుసార్లు హైవే 44 మీద బెంగళూరు పోయి వస్తుంటాను. కాయిలోవర్లు వేసిన రోజే అలైన్‌మెంట్ చేయించేశాను, అది మొదటి తప్పు. కొత్త స్ప్రింగులు కాస్త తిరిగాక ఇంకో నాలుగైదు మి.మీ. కూర్చుంటాయి. వారం తర్వాత ఇంటి ముందు వరండాలో నిలబెట్టి కొలిస్తే, ముందు ఎడమ మడ్‌గార్డ్ అంచు కుడిదానికన్నా 9 మి.మీ. పైకి ఉంది. సీ స్పానర్ కొత్తగా కొన్న సంబరం కదా, ఎడమ కాలర్ (స్ప్రింగును మోసే, తిప్పితే ఎత్తు మారే రింగు) తిప్పి దించేశాను. చూడ్డానికి బాగుందని రెండు వైపులా ఇంకో 10 కూడా దించాను. మళ్లీ అలైన్‌మెంట్ ఎందుకులే అనుకున్నాను.

పెనుకొండ దాటేసరికి బండి కుడికి పోతోంది. టైరు గాలి అనుకున్నా, రోడ్డు వాలు అనుకున్నా. 6000 కి.మీ. తిరిగాక సర్వీసుకి ఎత్తినప్పుడు చూస్తే ఎడమ టైరు లోపలి అంచున తీగలు తేలి ఉన్నాయి. బయటినుంచి చూస్తే మాత్రం టైరు గాడులు చక్కగా కనిపిస్తాయి, అదే మోసం. మీరు స్టీరింగ్ పూర్తిగా తిప్పి, లోపలి అంచు మీద అరచెయ్యి అడ్డంగా రుద్ది చూడండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపంలా తగిలితే అది టో (పైనుంచి చూస్తే చక్రాల ముందువైపు లోపలికో బయటికో తిరిగిన కోణం) తప్పిన గుర్తు.

అసలు గుట్టు బయటపెట్టింది మెకానిక్ కాదు, పక్కింటికి పనికొచ్చిన మేస్త్రీ. నా కొలతలు చూసి, తన నీళ్ల ట్యూబు తెచ్చి నాలుగు చక్రాల దగ్గరా పెట్టి చూశాడు. "వంకర బండిది కాదప్పా, బండది" అన్నాడు. మాది తాడిపత్రి బండల పరుపు. ముందు ఎడమ చక్రం నిలిచే చోట, కింద మురుగు పైపు పోతుంది కాబట్టి, బండ 20 మి.మీ. కుంగింది. ఆ చక్రం గుంటలోకి దిగితే అటువైపు స్ప్రింగు సాగి మడ్‌గార్డు ఎత్తుగా కనిపించింది. నేను కుంగిన బండకి సరిపోయేలా బండిని వంకర చేశానన్నమాట.

అందుకే మీరూ మొదట నేల చూసుకోండి. మేస్త్రీ ఎవరైనా ట్యూబ్ లెవెల్ ఇస్తారు, లేదా పది మీటర్ల పారదర్శక పైపులో నీళ్లు పోసి బుడగలు పోయేదాకా తట్టితే చాలు. నాలుగు చక్రాల చోట్లూ రెండు మూడు మి.మీ. తేడాలోపు ఉండాలి. తక్కువైన చోట టైలు ముక్కలు పేర్చండి, పెయింటుతో గుర్తు పెట్టుకోండి. తర్వాత టైర్లలో గాలి సరిచూసి, ట్యాంకు సగం నింపి, డ్రైవరు సీటులో మీ బరువు పెట్టండి. మా ఇంట్లో 25 కిలోల సోనా మసూరి మూటలు మూడు పెట్టాను, రెండు సీటు మీద, ఒకటి కాళ్ల దగ్గర. (మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయను.)

కొలత నేల నుంచి కాకుండా చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా, నిట్టనిలువుగా తీయండి. అప్పుడు టైరు అరుగుదల, గాలి తేడా లెక్కలోకి రావు. జాకీ దించిన వెంటనే మాత్రం కొలవకండి. చక్రాలు కాళ్లు దగ్గరకు ముడుచుకున్నట్టు లోపలికి ఉంటాయి, బండి ఎత్తుగా కనిపిస్తుంది. ఐదారు మీటర్లు ముందుకూ వెనక్కూ దొర్లించి, బానెట్ రెండుసార్లు నొక్కి వదిలి, అప్పుడు టేపు పెట్టండి. కాలర్ ఎంత తిప్పితే బండి అంతే దిగుతుందని కూడా అనుకోకండి. ముందువైపు దాదాపు అంతే, వెనక మాత్రం నాకు 5 తిప్పితే 7 దిగింది. ఎడమా కుడీ 3 మి.మీ. తేడాలోపు వస్తే వదిలేయండి, ఇంకా వెంటపడితే పిచ్చి పడుతుంది. కాలర్ కదలకుండా పట్టే లాక్ రింగ్ బిగించడం మరవద్దు.

చాలామంది షాపుల్లో వదిలేసేది ఒకటుంది. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే చేయి) బుష్ (దాని కీలులోని రబ్బరు) బోల్టులు బండి గాల్లో ఉన్నప్పుడు బిగిస్తారు. బండి కిందికి దిగాక ఆ రబ్బరు ఎప్పటికీ మెలితిరిగే ఉంటుంది. ఎత్తూ తప్పుగా కనిపిస్తుంది, బుష్ కూడా తొందరగా చిరుగుతుంది. ఎత్తు ఖాయమయ్యాక ఆ బోల్టులు వదులు చేసి, చక్రాలు నేల మీద బరువు మోస్తుండగా మళ్లీ బిగించమనండి.

రెండు మూడు వందల కి.మీ. తిరిగి, ఎత్తు మారలేదని చూసుకున్నాక అలైన్‌మెంట్‌కి పోండి. అక్కడి కుర్రాడు నాతో అన్నది, "క్యాంబర్ ఎర్రగా వస్తాందన్నా, దీనికి సెట్టింగు లేదు. టో పచ్చ చేసినా, పో." అతను చెప్పింది నిజమే. క్యాంబర్ అంటే ముందునుంచి చూస్తే చక్రం నిలువు నుంచి ఎంత వాలిందో ఆ కోణం. స్విఫ్ట్‌లో కంపెనీ నుంచి ముందు చక్రాలకు మార్చుకునేది టో ఒక్కటే. దించితే క్యాంబర్ లోపలికి వాలుతుంది, మిషను దాన్ని అసలు ఎత్తు లెక్కతో పోల్చి ఎరుపు చూపిస్తుంది. ఆ ఎరుపు చూసి టెన్షన్ పడొద్దు. రెండు వైపులా ఒకేలా ఉంటే, ఒకటిన్నర డిగ్రీ లోపు క్యాంబర్ ఒక్కటే టైర్లను అంత త్వరగా తినదు. తినేది టో.

నా రెండో ప్రింటౌట్‌లో ముందు చక్రాలు చెరో 12 నిమిషాలు బయటికి తిరిగి ఉన్నాయి. 60 నిమిషాలు ఒక డిగ్రీ, అంటే ఇది డిగ్రీలో ఐదో వంతు. అంతేనా అనిపిస్తుంది. లెక్క వేస్తే ప్రతి కిలోమీటరుకీ టైరు మూడున్నర మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోతున్నట్టు. 6000 కి.మీ.కి 21 కి.మీ. అడ్డంగా. పైగా క్యాంబర్ వల్ల బరువంతా లోపలి అంచు మీదే. ఇంకేం మిగులుతుంది? ఎత్తు మారితే టై రాడ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ) ఒక వంపులో, లోయర్ ఆర్మ్ ఇంకో వంపులో కదులుతాయి కాబట్టి టో తప్పుతుంది. ఎత్తు ముట్టుకున్న ప్రతిసారీ టో మళ్లీ చూడాల్సిందే.

ఇక లాగడం సంగతి. ఎడమ కుడి క్యాంబర్ల మధ్య అర డిగ్రీ దాకా తేడా ఉంటే, తక్కువ వాలిన చక్రం వైపు బండి పోతుంది. నాది ఎడమ మైనస్ 1 డిగ్రీ 30 నిమిషాలు, కుడి మైనస్ 1 డిగ్రీ 5 నిమిషాలు, అందుకే కుడికి లాగింది. మీది ఎడమకు కాబట్టి కుడి ముందు వైపు ఎక్కువ దిగి ఉందేమో చూడండి. ఎత్తు సమానం చేశాకా తేడా మిగిలితే స్ట్రట్ (ముందు కాయిలోవర్) చక్రానికి కలిసే దగ్గర, వాలు మార్చే క్యాంబర్ బోల్టు వేయించుకోవచ్చు. క్యాంబర్ మార్చాకే టో, ఎప్పుడూ టో చివర. ఇవన్నీ చేసే ముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి: ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చి తోలండి (ఒకే దిశలో తిరిగే టైర్లు కాకపోతేనే). లాగుడు వైపు మారితే తప్పు టైరుది.

40 మి.మీ. దించడం ఎక్కువని నా అభిప్రాయం. ఈ మోడల్ గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి పొట్టకీ మధ్య ఖాళీ) 163 మి.మీ. 40 పోతే 123, నలుగురు ఎక్కితే ఇంకో పాతిక పోతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. అలా కడితే మన బండి పొట్ట కిందికి పొడుచుకొచ్చేది 45 మి.మీ. కూడా ఉండదు, హాయిగా దాటుతాం. ఊళ్లల్లో అడుగు వెడల్పున దిమ్మెలా పోసేవి మాత్రం మొత్తం 100 అడ్డొస్తాయి. నేను చివరికి 28 దగ్గర ఆగాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 సంగతి కూడా తెలిసే ఉంటుంది, కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడాగా బండిని మార్చకూడదు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ అప్పుడు అది గుర్తుకొచ్చి లాభం లేదు.

మీ ప్రింటౌట్‌లో వెనక చక్రాల అంకెలు కూడా రాయండి. వెనక ఉన్నది టోర్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం), అక్కడ తిప్పడానికి ఏమీ ఉండదు. బీమ్ వంకరగా ఉంటే ముందు ఎంత సరిచేసినా స్టీరింగ్ నేరుగా నిలవదు, అప్పుడు షిమ్‌ల (కోణం సరిచేయడానికి పెట్టే పలచటి బిళ్లల) గురించి మాట్లాడుకోవాలి.