కట్టర్ పట్టే ముందు టేపు పట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు బాగుచేయబోతున్న పాత కన్వర్టిబుల్ కారు ఫోటోలన్నీ చూశాను. పెయింట్ మెరుస్తోంది, హుడ్ గుడ్డ, అదే మడిచే పైకప్పు, కొత్తది, సీట్లు కూడా బాగానే ఉన్నాయి. కానీ ఎడమ డోర్ వెనక అంచు దగ్గర సందు చూడు. కింద వెడల్పుగా ఉండి, పైకి వెళ్ళేకొద్దీ సన్నబడుతోంది. కుడివైపు అలా లేదు. ముందు ఫెండర్ మీద పడిన ట్యూబ్‌లైట్ ప్రతిబింబం కూడా ఒకచోట వంకర తిరిగింది. ఈ కారు ఎప్పుడో గట్టిగా గుద్దుకుందనీ, లోపలి దెబ్బను సరిచేయకుండా పైన పుట్టీ పూసి కప్పిపెట్టారనీ నా అనుమానం. అందుకే నువ్వు విప్పడం మొదలుపెట్టకముందే ఇది రాస్తున్నాను.

కప్పున్న కారులో బరువును కప్పు, పిల్లర్లు, ఫ్లోరు కలిసి మోస్తాయి. కన్వర్టిబుల్‌కు కప్పు లేదు కాబట్టి ఆ భారం చాలావరకు డోర్ల కింద పొడవునా ఉండే సిల్స్ మీద, ఫ్లోరు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే టన్నెల్ మీద పడుతుంది. మూత తీసేసిన అట్టపెట్టె ఎంత సులువుగా మెలితిరుగుతుందో నీకు తెలుసు కదా, ఇదీ అంతే. సిల్ తుప్పు పట్టినా, గుద్దుకున్నప్పుడు నలిగినా, బండి నడుము కిందికి జారుతుంది. అప్పుడు డోర్ పైసందు మూసుకుపోయి, కింది సందు తెరుచుకుంటుంది. ఆ స్థితిలోనే కొత్త సిల్ వెల్డ్ చేస్తే ఆ వంపు శాశ్వతమైపోతుంది. ఇక హింజిలు ఎంత తిప్పినా డోర్ సరిపోదు. విడిగా ఛాసిస్, అంటే అడుగు చట్రం, ఉన్న కార్లలో ఈ ప్రమాదం కాస్త తక్కువ. నీది ఛాసిస్, బాడీ ఒకటిగా ఉన్న రకం కాబట్టి, కొలతలు పూర్తయ్యేదాకా గ్రైండర్ జోలికి పోకు.

మొదట బండి చక్రాల మీద ఉండగా నాలుగు మూలలా డోర్ సందులు కొలిచి రాసుకో. తర్వాత సస్పెన్షన్ బిగించే చోట్ల కింద నాలుగు స్టాండ్లు పెట్టి, బాడీని లెవెల్ చేసి మళ్ళీ కొలువు. బరువు పడే చోటు పెద్దగా మారలేదు కాబట్టి సందులు కూడా దాదాపు అలాగే ఉండాలి. ఆ తర్వాత సిల్ మధ్య కింద ఒక చెక్క పెట్టి జాకీతో మెల్లగా ఎత్తు. పైసందు రెండు మూడు మిల్లీమీటర్లు తెరుచుకుంటే ఆ సిల్‌లో బలం లేదు. చెక్క లోపలికే దిగిపోతే ఇక అనుమానమే అక్కర్లేదు.

తర్వాత మేస్త్రీలు వాడే తూకం గుండు తీసుకో. ముందు సస్పెన్షన్ బోల్టు రంధ్రాలు, వెనక స్ప్రింగు హ్యాంగర్ బోల్టులు, ఇలా రెండు వైపులా ఒకేలా ఉండే బిందువుల నుంచి గుండు వేలాడదీసి నేల మీద గుర్తులు పెట్టు. వాటి మధ్య కర్ణాలు కొలువు. ముందు కుడి నుంచి వెనక ఎడమకు, ముందు ఎడమ నుంచి వెనక కుడికి ఉన్న దూరాల మధ్య తేడా 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే సరే. 5 దాటితే ముందు భాగం పక్కకు జరిగిందని అనుకోవాలి. వర్క్‌షాప్ మాన్యువల్‌లో అండర్‌బాడీ కొలతల బొమ్మ ఉంటే దాంతో కూడా పోల్చు. డోర్ ఖాళీలో రెండు కర్ణాలు, ఇటు విండ్‌స్క్రీన్ పిల్లర్ నుంచి అటు డోర్ లాక్ పడే లాక్ పిల్లర్‌కు అడ్డంగా ఉండే దూరం కూడా తీసుకో. ఈ కొలతలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయి. పని అయ్యేదాకా ఆ నోట్‌బుక్కే నీకు ఆధారం.

దాచిన దెబ్బను పట్టుకోవడానికి పెయింట్ మందం కొలిచే గేజ్ ఉపయోగపడుతుంది. పాత ఫ్యాక్టరీ పెయింట్ సుమారు 100 నుంచి 200 మైక్రాన్లు ఉంటుంది. 1000 దాటితే కింద పుట్టీ ఉన్నట్టే. అయితే గేజ్ పై రేకు గురించే చెబుతుంది, అసలు కథ లోపల ఉంటుంది. బానెట్ ఎత్తి ఫెండర్ల లోపలి రేకును టార్చిలైటు వాలుగా పట్టి చూడు. అలలు అలలుగా ఉంటే అక్కడ దెబ్బ తగిలింది. ఇంజన్‌కు రెండు పక్కలా ముందుకు సాగే ఛాసిస్ కాళ్ళు, ఇంజన్ కింద అడ్డంగా ఉండే క్రాస్‌మెంబర్ దగ్గర చిన్న మడత పడ్డాయేమో వేలితో తడిమి చూడు. ఫ్యాక్టరీ స్పాట్ వెల్డులు చిన్న గుండ్రటి గుంటలుగా వరసగా ఉంటాయి. వాటి బదులు గ్రైండ్ చేసిన మచ్చలు, బ్రష్‌తో పూసిన సీలర్ కనిపిస్తే అక్కడ రేకు మార్చారు. డిక్కీలో మ్యాట్ ఎత్తి స్పేర్ టైరు గుంట అంచులు చూడు. హింజి బోల్టు రంధ్రాలను ఫైల్‌తో సాగదీయడం, ఒకవైపే వాషర్లు దొంతరగా పెట్టడం, హుడ్ లాచ్ ఒకవైపు మాత్రమే బలవంతంగా పడటం, ఇవన్నీ వంపును డోర్లతో, హుడ్‌తో దాచిన గుర్తులే.

నాసిరకం రిపేర్లలో మొదట చూడాల్సింది పాత సిల్ మీద తొడిగిన కొత్త సిల్. బయటికి నున్నగా ఉంటుంది, లోపల పాతది పొడిపొడిగా రాలుతుంటుంది. డ్రెయిన్ రంధ్రం నుంచి చిన్న కెమెరా దూర్చి చూడు. ఎంజీబీ రోడ్‌స్టర్ అనే బ్రిటిష్ ఓపెన్ టాప్ కారునే తీసుకో, 1962 నుంచి 1980 దాకా తయారైంది. దాని సిల్ ఒక్క రేకు కాదు. బయటి సిల్, లోపలి సిల్, మధ్యలో నిలువు పలక, అడుగున కాసిల్ రైల్ అనే పట్టీ కలిస్తేనే అది పెట్టె అవుతుంది. బయటి రేకు ఒక్కటే మార్చి సిల్ కొత్తదని చెప్పడం మోసమే. తుప్పు రంధ్రాల్లో ఫైబర్‌గ్లాస్, పాలియురెథేన్ ఫోమ్ నింపడం కూడా మామూలే. ఆ ఫోమ్‌కు వెల్డింగ్ వేడి తగిలితే సైనైడ్ వాయువు వస్తుంది. చివరి ముక్క దాకా గీకి తీసెయ్యి.

ఒకటి ఖరాఖండిగా చెబుతాను. ఫ్లోరు మీద, సిల్స్ మీద, విండ్‌స్క్రీన్ పిల్లర్ల మీద ఒకే వరసలో అడ్డంగా వెల్డింగ్ గీత కనిపిస్తే, అది రెండు కార్ల సగాలు అతికించిన బండి. దాని మీద పని చేయకు. సిల్స్, ఛాసిస్ కాళ్ళు, పిల్లర్లు అన్నీ పోయిన బండికి కూడా కొత్త షెల్, అంటే ఖాళీ బాడీ, దొరుకుతుందేమో ముందు చూడు. ఎంజీబీకి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988 నుంచి కొత్త షెల్స్ చేస్తోంది. కొన్ని మోడళ్ళకే ఆ అదృష్టం ఉంది.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీసెయ్యి, పెట్రోల్ ట్యాంకును గది బయటికి తరలించు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదం. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన రేకును వెల్డ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, అసిటోన్ వాడు. పాత కార్ల అతుకుల్లో ఫ్యాక్టరీవాళ్ళే సీసం నింపేవారు. దాన్ని గ్రైండర్‌తో దుమ్ము చేయకు, బాడీ ఫైల్‌తో తీయి.

ఇప్పుడు బ్రేసింగ్, అంటే కోసేటప్పుడు బాడీ కదలకుండా పైపులతో తాత్కాలికంగా బిగించడం. 25 మిల్లీమీటర్ల చదరపు పైపు, 2 నుంచి 3 మిల్లీమీటర్ల గోడ ఉన్నది తీసుకో. ప్రతి డోర్ ఖాళీలో హింజి పిల్లర్ నుంచి లాక్ పిల్లర్‌కు పైన ఒకటి, కింద ఒకటి, ఐమూలగా ఒకటి పెట్టు. ఎడమ లాక్ పిల్లర్ నుంచి కుడి లాక్ పిల్లర్‌కు ఇంకొకటి. వీలైనచోట హింజి, సీట్‌బెల్ట్ బోల్టు రంధ్రాలకే బిగించు. పై పైపు మధ్యలో తిప్పితే పొడవు మారే టర్న్‌బకిల్ ఉంటే మిల్లీమీటర్ చొప్పున సర్దుకోవచ్చు. కానీ వంపు ఉన్న బండిని ఉన్నది ఉన్నట్టు బిగించేస్తే వంపునే కాపాడినట్టవుతుంది. ముందు లాగి సరిచేయాలి, తర్వాతే బిగించాలి. ఛాసిస్ కాలు వంగి ఉంటే బాడీని బిగించి లాగే జిగ్ ఉన్న టింకరింగ్ షాపుకు తీసుకెళ్ళు. పాడైన రేకులు కోయకముందే లాగించు, లాగడానికి పట్టు అవే. దెబ్బ ఏ వరసలో లోపలికి వెళ్ళిందో దానికి తలకిందుల వరసలో బయటికి రావాలి. రేకు కాస్త వెనక్కి వస్తుంది కాబట్టి కొన్ని మిల్లీమీటర్లు అదనంగా లాగి వదిలి కొలుస్తారు. పది దఫాలు కొంచెం కొంచెంగా లాగే షాపును నమ్ము, ఒక్క గుంజుతో తేల్చేస్తానన్నవాడిని వద్దు.

కోసేటప్పుడు ఒకవైపు పూర్తిచేశాకే రెండోవైపు ముట్టుకో. స్పాట్ వెల్డులను 8 మిల్లీమీటర్ల స్పాట్ కట్టర్‌తో పై రేకు వరకే కొయ్యి. తుప్పు అంచు దాటి మంచి రేకు రెండు అంగుళాలు కనిపించేదాకా కోయాలి, పొదుపు చేసినచోటే మళ్ళీ తుప్పు మొదలవుతుంది. బయటి ప్యానెళ్ళకు 0.9, సిల్స్‌కు 1.2, ఛాసిస్ కాళ్ళకు 1.6 మిల్లీమీటర్ల రేకు సాధారణం. అసలు మందం కంటే పల్చనిది వేయకు.

మిగ్ వెల్డింగ్ మెషీన్‌లో 0.6 మిల్లీమీటర్ల వైరు, ఆర్గాన్ గ్యాస్ మిశ్రమం వాడు. ప్లగ్ వెల్డ్ అంటే పై రేకు రంధ్రంలో వెల్డ్ నింపి కింది రేకుకు అతికించడం; దానికి పల్చటి రేకులో 6, బలమైన భాగాల్లో 8 మిల్లీమీటర్ల రంధ్రాలు, 25 నుంచి 40 మిల్లీమీటర్ల ఎడంతో వెయ్యి. రెండు రేకుల మధ్య సందు లేకుండా క్లాంపులు బిగించు, సందు ఉంటే పై రేకే కరుగుతుంది, కింది దానికి అతుక్కోదు. ముందు తుక్కు ముక్కల మీద వేసి ఉలితో చీల్చి చూడు. వెల్డ్ ఊడి రాకూడదు, కింది రేకు చిరగాలి. పొడవు అతుకులైతే 10, 15 మిల్లీమీటర్లు వేసి, దూరంగా ఇంకోచోటికి వెళ్ళు. వరసగా లాగితే రేకు ఉబ్బి ముడుచుకుంటుంది.

అన్నిటికంటే ముఖ్యం, సిల్‌ను నాలుగైదు టాక్‌లతో, అంటే చిన్న తాత్కాలిక వెల్డులతో, నిలిపి, డోర్, ఫెండర్, విండ్‌స్క్రీన్ ఫ్రేమ్, సైడ్ గ్లాసులు, హుడ్ ఫ్రేమ్ అన్నీ బిగించి చూడు. కొత్త రబ్బర్లు పెట్టే చూడాలి, నలిగిపోయిన పాత రబ్బరు తప్పుడు భరోసా ఇస్తుంది. డోర్ సందు అంతటా 4 నుంచి 5 మిల్లీమీటర్లు రావాలి, హుడ్ లాచ్ రెండువైపులా ఒకే బలంతో పడాలి. అలా కాకపోతే టాక్‌లు కోసి మళ్ళీ సర్దు. పూర్తిగా వెల్డ్ చేశాక సర్దేందుకు దారి ఉండదు.

పెయింట్ సంగతి తెలిసినవాళ్ళకు అప్పగించు. ఎపాక్సీ ప్రైమర్, దాని మీద అతుకులు మూసే సీమ్ సీలర్, పుట్టీ 2, 3 మిల్లీమీటర్లకు మించకుండా ఉండాలి. గట్టిపడే మందు కలిపి కొట్టే టూకే పెయింట్‌లో ఐసోసయనేట్లు అనే హానికర రసాయనాలు ఉంటాయి, బయటి గాలి అందే మాస్క్ లేకుండా కొట్టనివ్వకు. వెల్డింగ్, పెయింట్ అన్నీ ముగిశాకే సిల్స్ లోపల తుప్పును ఆపే క్యావిటీ వ్యాక్స్ పట్టించి, డ్రెయిన్ రంధ్రాలు మూసుకుపోలేదని తీగ దూర్చి చూసుకో.

గుద్దుకున్నది ముందువైపే అనిపిస్తోంది కాబట్టి ముందు చక్రాలు తిరిగే స్టబ్ యాక్సిల్స్‌కు, పగుళ్ళలోకి ఇంకే రంగు డై పెనిట్రెంట్‌తో పగుళ్ళ పరీక్ష చేయించు. వంగిన స్టీరింగ్ ఆర్మ్‌ను వేడిచేసి సరిచేయనివ్వకు, మార్పించు. రోడ్డెక్కాక 500 కిలోమీటర్లకు సస్పెన్షన్ బోల్టులను మాన్యువల్ చెప్పిన టార్క్‌కు, అంటే బిగింపు బలానికి, మళ్ళీ బిగించి, నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించు. డోర్ సందులు అప్పుడు ఇంకోసారి కొలిచి, నోట్‌బుక్‌లోని అంకెలతో కలిపి నాకు పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న