పొడుల వ్యాపారం: మిషను కొనే ముందు కొట్లు చూసుకోండి

తెనాలిలో ఇంట్లో చేసే కందిపొడి, కరివేపాకు కారం ప్యాకెట్లుగా కట్టి గుంటూరు, విజయవాడల్లో అమ్మాలనుకుంటున్నామనీ, మిషన్లకు 3 లక్షలు సిద్ధం చేసుకున్నామనీ, సరుకు తయారయ్యాక డిస్ట్రిబ్యూటరును వెతుక్కుంటే సరిపోతుందా అనీ అడిగారు. సరిపోదని నా అభిప్రాయం. గుంటూరులో ఇదే వ్యాపారాన్ని నేను సరిగ్గా మీరనుకుంటున్న వరుసలోనే మొదలుపెట్టి, మొదటి ఏడాది చేతి డబ్బు పోగొట్టుకున్నాను.

నా మొదటి తప్పు ప్యాకెట్టులోనే ఉంది. చూడముచ్చటగా ఉంటాయని 200 గ్రాముల నిలబడే పౌచ్‌లు 10,000 అచ్చు వేయించాను. తీరా పట్నంబజారు, కొత్తపేట కిరాణా కొట్లకు వెళితే, అలమరలో చోటు పాత సరుకుకే చాలడం లేదు. కొత్తవాడికి దొరికేది గల్లాపెట్టె పైన కట్టిన తీగ ఒక్కటే. నా పౌచ్‌కేమో వేలాడదీయడానికి రంధ్రం లేదు. ఒక షావుకారు గారు మారు మాట్లాడకుండా స్టాప్లరు తీసి, పౌచ్ అంచుకు పురికొస చేర్చి పిన్ను కొట్టి తగిలించారు. ఆ పిన్ను సీలు దాటి కిందికి దిగింది. వానలు మొదలయ్యేసరికి ఆ బెజ్జంలోంచి తేమ చేరి పొడి ముద్దకట్టి, ఆ కొట్లో పెట్టిన సరుకంతా నాకే తిరిగివచ్చింది. ఆయనను తప్పుపట్టలేను, అచ్చుకు ఇచ్చే ముందు నాలుగు కొట్ల దగ్గర అరగంట చొప్పున నిలబడి చూడని తప్పు నాది.

రెండోది ధర. తయారీ ఖర్చు మీద లాభం వేసుకుని ఎమ్మార్పీ కట్టడం నాకు సహజంగా తోచింది, కానీ లెక్క కొట్టు దగ్గర మొదలై వెనక్కి రావాలి. మీ ప్యాకెట్టు ఎమ్మార్పీ 50 రూపాయలనుకోండి. కొట్టుకు 40కి ఇస్తే గానీ షావుకారు దాన్ని ముందుకు తగిలించరు. డిస్ట్రిబ్యూటరుకు 36కి ఇవ్వవలసి వస్తుంది. అందులోనుంచే పన్ను, రవాణా, డ్యామేజీ పోతే 32 మిగలవచ్చు. పప్పు, మిరపకాయలు, నూనె, కవరు, కూలీ అన్నీ కలిపి మీకు 30 పడుతూ ఉంటే, అది వ్యాపారం కాదు, ఊరికి చేసే సేవ. ఎమ్మార్పీ ఒకసారి అచ్చయ్యాక దానికి మించి ఎవరూ అమ్మకూడదు గనుక ఈ లెక్క కవరు కంటే ముందే తేలాలి. కవరు మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు, నికర బరువు, తయారీ నెల, చిరునామా వంటివి ఎలాగూ తప్పనిసరి. అది పెద్ద పని కాదు.

అన్నిటికంటే నన్ను కుంగదీసింది కొట్లకు ఇచ్చే అరువు. 40 కొట్లలో 10 ప్యాకెట్ల చొప్పున పెడితే, ప్యాకెట్టు 40 లెక్కన 16,000 రూపాయల సరుకు బయట ఉన్నట్టు. రెండు వారాల తర్వాత మళ్లీ లైనుకు, అంటే ఆ కొట్లన్నీ వరుసగా తిరగడానికి, వెళితే, సగం మంది కొత్త సరుకు దించుకుని పాత బాకీ "వచ్చే ట్రిప్పులో చూద్దాం" అంటారు. ఇదే సమయంలో మిరపకాయల సీజను వస్తుంది. వేసవిలో గుంటూరు మిర్చి యార్డుకు సెలవులిస్తారు. ఆ తర్వాత చాలావరకు కోల్డ్ స్టోరేజీ సరుకే దిక్కు గనుక, ఏడాదికి సరిపడా కాయ సెలవులకు ముందే కొనిపెట్టుకోవాలనిపిస్తుంది. కాయకూ, అరువుకూ డబ్బు ఒకే జేబులోంచి రావాలి. నా జేబు మిషను దగ్గరే ఖాళీ అయింది.

నన్ను గట్టున పడేసినవి, విచిత్రంగా, ప్యాకెట్లు కావు. ఇడ్లీ మీద కారప్పొడి, నెయ్యి లేనిదే గుంటూరులో పొద్దు గడవదు కదా. బ్రాడీపేట, అరండల్‌పేటల్లోని టిఫిన్ సెంటర్లకు ఉదయం పదకొండు దాటాక, రద్దీ తగ్గిన వేళ వెళ్లి కిలో చొప్పున పొడి ఇచ్చాను. మార్జిన్ తక్కువే, కానీ కవరు ఖర్చు లేదు, డబ్బు అక్కడికక్కడే చేతికి వస్తుంది, పైగా ఉప్పు ఎక్కువైతే మర్నాడే మొహం మీద చెబుతారు.

మీ స్థానంలో నేనుంటే ఇప్పుడే మిషను కొనను. ఊళ్లో మిల్లులో ఆడించి, చేతి సీలింగ్ మిషనుతో 500 ప్యాకెట్లు కట్టి, తెనాలిలోనే ఒక లైనులో 25 కొట్లకు స్వయంగా వేస్తాను. ఏ కొట్టు ఎన్ని దించుకుంది, ఎన్ని రోజులకు మళ్లీ అడిగింది, ఎన్ని తిరిగి ఇచ్చింది, బాకీ ఎంత అన్నవి మూడు నెలలు పుస్తకంలో రాస్తాను. ఆ 3 లక్షల్లో కనీసం లక్ష అరువు కోసం పక్కన పెట్టి, దాన్ని మిషను డబ్బుగా లెక్కించను. విజయవాడ మాట ఆ తర్వాతే. విజయవాడ పక్కన గొల్లపూడిలో నేను కలిసిన హోల్‌సేల్ వ్యాపారి నా పొడి రుచి కూడా చూడకుండా, "మీ ఊళ్లో ఎన్ని కొట్లలో ఆడుతోందండీ?" అని అడిగారు. అప్పుడు నా దగ్గర చూపించడానికి కవర్లు తప్ప ఏమీ లేవు. మీరు ఆ పుస్తకం పట్టుకుని వెళ్లండి.